విజ్ఞానచంద్రికా గ్రంథమండలి: నాటి పుస్తకములు, నేటి పాఠకులు

ఉద్యోగము నిమిత్తము స్వస్థలమును విడిచి దూరప్రాంతమునకు తరలిపోవు తెలుగు కుటుంబముల సామానులో పుస్తకముల పెట్టె యొకటి ఉండెడి కాలము కలదు. ఆ పెట్టెలో పోతన భాగవతము, శతకములు, పెద్దబాలశిక్ష ఉండెడివి. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో వాని ప్రక్కన క్రొత్త రకపు పుస్తకములు కొన్ని వచ్చి చేరినవి. అవి పురాణములు కావు, ప్రబంధములు కావు. ఒకదానిలో అమెరికా అధ్యక్షుని జీవితము, ఒకదానిలో ఆంధ్ర రాజవంశముల చరిత్ర, ఒకదానిలో వ్యాధుల స్వభావము, మరియొకదానిలో దేశమునందలి ధనము ఎట్లు పుట్టి ఎట్లు పంపకమగునను విచారణ ఉండెడివి. వానిని ప్రకటించిన సంస్థ పేరు విజ్ఞానచంద్రికా గ్రంథమండలి.

ఆ కాలముననే ఆంగ్లభాషలో స్వయంకృషిని బోధించు గ్రంథములు విరివిగా చదువబడుచుండెను. శామ్యూల్ స్మైల్స్ 1859లో ప్రకటించిన ‘సెల్ఫ్ హెల్ప్’ అప్పటికే అనేక దేశములను చుట్టివచ్చినది. జేమ్స్ ఆలెన్ 1903లో ‘యాజ్ ఎ మాన్ థింకెత్’ అను చిన్న పుస్తకమును వెలువరించెను. మనుష్యుడు తన శ్రమచేతను, తన ఆలోచనచేతను తన్ను తాను తీర్చిదిద్దుకొనవలెననుట ఇట్టి గ్రంథముల సారము. ఇది మంచి మాటయే. కాని తెలుగుదేశములోని ఆలోచనాపరులకు దీనికి ముందు పరిష్కరింపవలసిన ప్రశ్న యొకటి ఎదురైనది. తాను తెలిసికొనదలచిన విషయమును గూర్చి తన భాషలో పుస్తకమే లేనప్పుడు, ఆంగ్లము రాని మనుష్యుడు తన్ను తాను తీర్చిదిద్దుకొనుట ఎట్లు? ఆ ప్రశ్నకు ఉపన్యాసములతో గాక పుస్తకములతో సమాధానము చెప్పినవారు విజ్ఞానచంద్రికా మండలివారు. వారి గ్రంథములు నేటికిని చదువదగినవగుటకు మూలకారణము ఇదియే.

ఈ కథ తెలుగుదేశములో గాక తెలుగునాటికి దూరమైన నాగపురములో మొదలగుట ప్రవాసాంధ్రులు గమనింపదగిన విశేషము. మండలికి ప్రాణమువంటివారైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1877లో కృష్ణామండలములోని పెనుగంచిప్రోలులో జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయిన ఆయన కొంతకాలము భువనగిరిలో చదివి, తరువాత నాగపురమునందలి అక్కగారి ఇంట పెరిగిరి. ఆ అక్కగారు భండారు అచ్చమాంబ. బావగారైన మాధవరావు మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగము చేయుచుండిరి. అనగా, ఉద్యోగము నిమిత్తము పరభాషా ప్రాంతమున నివసించిన ఒక తెలుగు కుటుంబమే ఈ మహాప్రయత్నమునకు పుట్టినిల్లైనది.

అచ్చమాంబ బడికి పోయి చదివినవారు కారు. తమ్ముడు పాఠములు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ నేర్చుకొనిరి. పిమ్మట మరాఠీ మొదలగు భాషలను అభ్యసించిరి. భారతదేశములోని విదుషీమణుల, వీరవనితల చరిత్రలను శ్రమపడి సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అను గ్రంథమును రచించిరి. అది 1901లో వెలువడినది. స్త్రీలకు చదువు తగదని వాదించువారికి ఆమె వాదముతో గాక, చదివి ఘనకార్యములు చేసిన స్త్రీల జీవితములతోనే ప్రత్యుత్తరమిచ్చిరి. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. ఆ సంవత్సరమే ఆమె రచించిన ‘ధనత్రయోదశి’ తెలుగులోని తొలి కథలలో ఒకటి. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయమునందే ఆమె మరణించిరి. ఆమె ఆయుర్దాయము స్వల్పమైనను, జీవితచరిత్రలు చెప్పి మనుష్యులను మేల్కొల్పు మార్గమును తెలుగున ఆమె ముందుగా త్రొక్కి చూపిరి.

లక్ష్మణరావు నాగపురములో మరాఠీ భాషను మాతృభాషవలె నేర్చిరి. మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. ప్రైవేటుగా చదివి ఎం.ఏ. పట్టమును పొందిరి. మహారాష్ట్రమున విద్వాంసులు పాత కాగితములను, శాసనములను వెదకి తమ దేశచరిత్రను తామే వ్రాసికొనుచుండుట ఆయన కన్నులార చూచిరి. పొరుగుభాషలో జరుగుచున్న పని తన భాషలో ఏల జరుగరాదను ఆలోచన పరభాషా ప్రాంతమున పెరిగినవానికి కలుగుట సహజము. అనంతరము ఆయన మునగాల జమీందారు నాయని వేంకట రంగారావు సంస్థానములో దివానుగా కుదురుకొనిరి. మునగాల అప్పటి కృష్ణామండలమునకు చేరినదయ్యును చుట్టును నిజాము రాజ్యముచే ఆవరింపబడిన పరగణా. అందుచేత దివానుగారి రాకపోకలు, స్నేహములు హైదరాబాదుతోను, ఇంగ్లీషు ఏలుబడిలోని జిల్లాలతోను సమానముగా ఉండెను.

నిజాము రాజ్యములో రాజభాష ఉర్దూ. ప్రజలలో పెద్దభాగము తెలుగువారైనను తెలుగు చదువునకు ఆదరణ కొరవడియుండెను. ఇట్టి స్థితిలో 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసినది. మునగాల రాజావారును, లక్ష్మణరావు గారును దాని స్థాపనకు తోడ్పడిరి. గ్రంథాలయమైతే ఏర్పడినది, కాని అందులో చేర్చుటకు కావ్యములు, పురాణములు తప్ప క్రొత్త విజ్ఞానమును బోధించు తెలుగు గ్రంథములెన్ని కలవు? ఐదు సంవత్సరముల పిమ్మట, 1906లో, అదే హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపింపబడుటకు ఈ కొరతయే హేతువు. లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు దాని స్థాపకులు. 1908లో మండలి కార్యస్థానము చెన్నపట్టణమునకు మారినది. రంగారావు 1910లోనే దివంగతులైరి. కాళేశ్వరరావు దీర్ఘకాలము ప్రజాసేవ చేసి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ప్రథమ సభాపతి అయిరి.

పూర్వము గ్రంథకర్త రాజునో జమీందారునో ఆశ్రయించి పుస్తకమచ్చు వేయించెడివాడు. మండలివారు చందాదారులను చేర్చుకొని, వారికి తక్కువ వెలకు పుస్తకములు పంపు పద్ధతిని అవలంబించిరి. దీనిచేత పుస్తకమునకు పోషకుడు రాజుగాక పాఠకుడైనాడు. పల్లెటూరి ఉపాధ్యాయుడు, కచేరి గుమాస్తా, పట్టణములోని చిన్న ప్లీడరు—ఇట్టివారు తమ కొలది రూకలతో ఒక భాషాసాహిత్యమును పోషింపగలిగిరి. స్వయంకృషియనగా ఒక్కడు పైకి వచ్చుట మాత్రమే కాదు, పలువురు కలిసి ఒకరి కొకరు మెట్టుగా నిలుచుట కూడనని ఈ ఏర్పాటు తెలుపుచున్నది.

మండలి ప్రకటించిన మొదటి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. అది 1907లో వెలువడినది. తెలుగువారికి తొలి పుస్తకముగా అమెరికా దేశీయుని జీవితమును ఎన్నుకొనుట మొదట వింతగా తోచవచ్చును. లింకను జీవితమును తలచినచో ఆ ఎన్నికలోని ఔచిత్యము స్పష్టపడును. 1809లో కెంటకీ రాష్ట్రమున దుంగలతో కట్టిన చిన్న యింట లింకను జన్మించెను. అతడు బడిలో గడపిన కాలమంతయు కూడినను ఒక సంవత్సరమునకు మించదు. పుస్తకములను ఎరువు తెచ్చుకొని చదివెను. ఎరువు తెచ్చిన వాషింగ్టను జీవితచరిత్ర వానకు తడిసి పాడుకాగా, దాని వెలకు బదులుగా యజమాని పొలములో కూలి చేసి ఋణము తీర్చుకొనెనని అతని చరిత్రకారులు చెప్పుదురు. దుకాణమున పనిచేసెను, అప్పులపాలయ్యెను. 1833లో న్యూసేలము అను చిన్న గ్రామమున పోస్టుమాస్టరు అయ్యెను. జీతము స్వల్పమైనను, ఆ తపాలాకచేరికి వచ్చు వార్తాపత్రికలన్నియు చదువుటకు అవకాశము కలిగినది. కేంద్రప్రభుత్వపు చిన్న కొలువులో నుండి దొరకిన తీరికను చదువునకు వినియోగించిన ఆ పోస్టుమాస్టరే తరువాత న్యాయవాదియై, 1858లో సెనేటు ఎన్నికలో ఓడి, 1860లో అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. 1863 జనవరి 1వ తేదీన బానిసల విమోచనమును ప్రకటించెను. 1865 ఏప్రిలులో హంతకుని తుపాకికి బలియయ్యెను.

ఈ జీవితమును పేదవాడు అధ్యక్షుడైన కథగా మాత్రమే చెప్పవచ్చును. అట్లు చెప్పినచో అది సాధారణమైన స్వయంకృషి బోధయగును. కాని లింకను పేరు నిలిచినది అతడు ఎక్కిన పదవివలన కాదు. ఆ పదవిలో నుండి ఇతరుల సంకెళ్లను త్రెంచుటకు పూనుకొనుటవలన. పరపాలనలో నున్న దేశమున, 1907లో, ఒక తెలుగు పాఠకుడు ఈ కథను చదివినప్పుడు అతని మనసున ఏ ఆలోచన మెదలియుండునో ఊహించుట కష్టము కాదు.

గ్రంథకర్త జీవితమే ఆ ఆలోచనకు వ్యాఖ్యానమైనది. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిరి. అప్పుడు అచ్చటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో విద్యార్థియైయున్న హరిసర్వోత్తమరావు వందేమాతరోద్యమమున పాల్గొన్నందుకు కళాశాలనుండి బహిష్కరింపబడిరి. ఆ కాలమున అట్టి బహిష్కారమునకు గురియైనవానికి సర్కారు కొలువు కలలోని మాట. 1908లో బెజవాడనుండి ‘స్వరాజ్య’ పత్రికను నడపుచు, తిరునల్వేలి కాల్పులను గర్హించు రచనను ప్రకటించినందుకు రాజద్రోహ నేరమునకై 3 సంవత్సరముల కఠినశిక్ష పొందిరి. బానిసల విమోచకుని కథను తెలుగువారికి చెప్పిన లేఖకుడు మరుసటి యేడే సంకెళ్లు ధరించెను. విడుదలైన పిమ్మటను ఆయన అక్షరమును విడువలేదు. గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును శేషజీవితమును ధారపోసి 1960లో దివంగతులైరి. పుస్తకములో చెప్పిన దానిని బ్రతుకులో చేసి చూపిన రచయితల గ్రంథములకు ఒక విశేషమైన బలముండును.

మండలి ప్రకటించిన తక్కిన గ్రంథములు ఈ దృష్టినే వేరువేరు త్రోవలలో విస్తరింపజేసినవి. లక్ష్మణరావు స్వయముగా ‘హిందూ మహాయుగము’, ‘మహమ్మదీయ మహాయుగము’ అను చరిత్రగ్రంథములను వ్రాసిరి. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ ప్రథమ భాగము 1910లో వెలువడినది. అంతవరకు ఆంధ్రులకు రాజుల కథలు తెలియును గాని, శాసనములను ఆధారముగా గొని కాలక్రమమున కూర్చిన సమగ్ర చరిత్ర తెలుగులో లేకుండెను. కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రమును తెలుగున రచించిరి. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, తరువాత 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులైన ఆ విద్వాంసుడు, ఆంగ్లమున వ్రాసి పెద్దపేరు పొందగలిగియును, రైతునకు వర్తకునకు అర్థమగు భాషలో దేశదారిద్ర్య కారణములను చర్చింపబూనుట సామాన్య విషయము కాదు. వైద్యులైన ఆచంట లక్ష్మీపతి వ్యాధులను గూర్చియు, ఆరోగ్యరక్షణను గూర్చియు సులభమైన పుస్తకములు వ్రాసిరి. విశూచి, ప్లేగు వచ్చిన యెడల గ్రామదేవత కోపమని భయపడు కాలములో, కంటికి కనబడని సూక్ష్మజీవులే కారణమని తెలుగులో చదువగలుగుట ఎందరి యిండ్లలోనో ప్రాణరక్షకమైన జ్ఞానము.

నవలలను సయితము మండలివారు విస్మరింపలేదు. పోటీలు పెట్టి, బహుమానములిచ్చి చారిత్రక నవలారచనను ప్రోత్సహించిరి. వేలాల సుబ్బారావు ‘రాణీ సంయుక్త’, దుగ్గిరాల రాఘవచంద్రయ్య ‘విజయనగర సామ్రాజ్యము’, కేతవరపు వేంకటశాస్త్రి ‘రాయచూరు యుద్ధము’ అట్లు వచ్చినవే. చరిత్రగ్రంథము చదువుటకు ఓపిక లేని ఇల్లాండ్రకు, బాలురకు ఈ నవలలే చరిత్రపాఠములైనవి.

ఇన్ని శాస్త్రములను తెలుగున వ్రాయబూనినవారికి మాటల కొరత పెద్ద సమస్యయైనది. రసాయన, భౌతిక, జీవశాస్త్రములందలి భావములకు తెలుగులో పేరులు లేవు. మండలి రచయితలు సంస్కృత ధాతువులను ఆధారముగా గొని క్రొత్త పదములు కల్పించిరి; సాధ్యమైనచోట వాడుకలోని మాటలను స్వీకరించిరి. శాస్త్రమును తెలుగులో చెప్పవచ్చునను ధైర్యము పాఠ్యపుస్తక రచయితలకు కలుగుటకు ఈ ప్రయత్నము బాట వేసినది.

లక్ష్మణరావు అంతటితో తృప్తి చెందలేదు. ఇంగ్లీషులోని ఎన్‌సైక్లోపీడియా వంటి గ్రంథము తెలుగువారికి ఉండవలెనని ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ను ఆరంభించిరి. అకారాది క్రమమున సాగు ఆ గ్రంథము సంపుటములు కొన్ని వెలువడినవి గాని అకారమును దాటకముందే 1923 జూలైలో ఆయన మరణించిరి. ఆయన వయస్సు అప్పటికి 46 సంవత్సరములే. ఆ కార్యమును 1930 ప్రాంతముల తరువాత చేపట్టినవారు కాశీనాథుని నాగేశ్వరరావు. ఆయనయు ప్రవాసమున ప్రభవించిన సేవకుడే. బొంబాయిలో అమృతాంజన వ్యాపారము సాగించుచు, 1908లో అచ్చటినుండియే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికను ప్రారంభించిరి. చౌకవెలకు మంచి పుస్తకములనందించు ఆంధ్ర గ్రంథమాలను 1926లో ఆయన నెలకొల్పిరి. నాగపురము, హైదరాబాదు, బొంబాయి, చెన్నపట్టణము—ఆధునిక తెలుగు విజ్ఞానము పెరిగిన ఈ తావులలో పెక్కింట తెలుగువాడు పొరుగుభాషల నడుమ నివసించుచుండెననుట విస్మరింపరానిది.

అయితే, ఈ గ్రంథములను నేడు చదువువారు వానిని వేదవాక్యములుగా గ్రహింపరాదు. దేశచరిత్రను మతముల పేర హిందూయుగముగా, మహమ్మదీయయుగముగా విభజించుట ఆనాటి ఆంగ్ల చరిత్రకారుల పద్ధతి. పాలకుని మతమునుబట్టి ప్రజల కాలమునకు పేరు పెట్టుట సరికాదని తరువాతి చరిత్రకారులు నిరూపించిరి. చిలుకూరి వారి నిర్ణయములు కొన్ని, తరువాత బయల్పడిన శాసనములచేత సవరింపబడినవి. 1928లో పెనిసిలిను కనుగొనబడుటకు పూర్వము వ్రాసిన వైద్యగ్రంథములలోని చికిత్సలు నేటికి పనికిరావు. స్త్రీవిద్యకు వాదించిన పుస్తకములలోనే పాతివ్రత్యమును గూర్చి నేటివారికి రుచింపని మాటలు కనబడవచ్చును. ఇవి దాచవలసిన లోపములు కావు. విచారించి సత్యమును నిర్ణయింపుమనునదే ఆ గ్రంథముల బోధ; ఆ బోధను ఆ గ్రంథములకే వర్తింపజేయుట వారికి చేయు గౌరవము.

భాషయు కొందరికి అడ్డుగా తోచవచ్చును. మండలి గ్రంథములు సరళ గ్రాంథికమున వ్రాయబడినవి. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు వ్యావహారిక భాషకై పోరాడినది ఆ కాలముననే. చివరకు వ్యావహారికమే నెగ్గినది, అది న్యాయమే. కాని పది పుటలు ఓపికతో చదివినచో ఈ గ్రాంథికము కన్ను విడిచి చెవికి అలవాటగును. పెద్దలు బిగ్గరగా చదువుచుండ పిల్లలు వినుట దీనికి మంచి ఉపాయము.

క్రొత్తగా మొదలుపెట్టువారికి క్రమమొకటి సూచింపవచ్చును. ముందుగా అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ కథ. అది ఒక సాయంకాలపు చదువు. తరువాత లింకను చరిత్రము. ఆ పిమ్మట చారిత్రక నవల యొకటి. రుచి కుదిరిన తరువాత ‘ఆంధ్రుల చరిత్రము’. ఈ కాలమునకే చెందిన కందుకూరి వీరేశలింగము ‘స్వీయచరిత్రము’ను వీనితో జేర్చి చదువవలెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించినవారు, అందుకై పొందిన కష్టములను తమ మాటలలోనే చెప్పిన గ్రంథమది. ఇట్టి పాత పుస్తకములనేకము నేడు అంతర్జాల గ్రంథాలయములలో వెల లేకుండ లభించుచున్నవి. నూరేండ్లకు పూర్వము చందా కట్టి, తపాలాకై ఎదురుచూచి తెప్పించుకొనిన పుస్తకము నేడు ఒక్క క్షణమున చేతికి వచ్చును.

అందుచేత నేడు కొరవడినది పుస్తకము కాదు. దానిని చదువగల కన్నులు. తెలుగు మాటలాడుచు తెలుగు అక్షరములు గుర్తింపలేని పిల్లలు ప్రవాసాంధ్ర గృహములలో ఏటేట హెచ్చుచున్నారు. నిషేధించిన పుస్తకము ఏనాటికైన వెలుగు చూచును. చదువువాడు లేని పుస్తకమునకు ఆ ఆశయు లేదు. నాగపురములో, తెలుగు పాఠశాల లేనిచోట, తమ్ముని పలక ప్రక్కన కూర్చుండి ఒక బాలిక అక్షరములు దిద్దుకొనినది. ఆ పలకనుండియే ఇన్ని గ్రంథములు పుట్టినవి. ప్రవాసమునందలి ప్రతి తెలుగు ఇంట దినమునకు ఒక అరగంట అట్టి పలక యొకటి తెరచియుంచుట పెద్ద భారము కాదు. మండలివారు కోరినది కీర్తి కాదు, పాఠకులను. వారి ఋణము తీర్చుటకు చదువుట తప్ప వేరు మార్గము లేదు.